పలక లాంటి ల్యాప్‌టాప్‌కు లక్ష పెట్టాలా?

పోయిన నెల పూర్వ విద్యార్థులం కొందరం మన హాస్టల్ వరండాలో కూర్చున్నప్పుడు ఒక మాట వచ్చింది. ఈ ఏడు మన హాస్టల్ నుంచి ఇంజనీరింగ్‌లో మంచి సీటు తెచ్చుకున్న తమ్మునికి అందరం కలిసి ఒక ల్యాప్‌టాప్ బహుమానంగా ఇద్దామని. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఏ ల్యాప్‌టాప్ అన్న దగ్గర పేచీ మొదలైంది. "ఇస్తే మంచిదే ఇద్దాం. పలక లెక్క ఉంటది చూడు, చేతిల పట్టుకుంటే బరువే తెల్వదు, అది" అన్నారు మా సీనియర్ అన్న ఒకరు. దాని ధర లక్ష. రెండు రోజుల్లో వాట్సాప్ గ్రూపులో 62 వేలు పోగయ్యాయి కూడా. నేను మాత్రం "వద్దన్నా" అన్నాను. ఎందుకు వద్దన్నానో అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను. నలుగురు ఒక్కసారే మీదికొస్తే నాకు మాట తడబడుతుంది, ఇది నాతో చదివిన వాళ్లందరికీ తెలిసిందే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగారు కాబట్టి ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక లెక్క. 2025 మార్చిలో యాపిల్ కంపెనీ ఎం4 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌ను మన దేశంలో విడుదల చేసినప్పుడు ప్రారంభ ధర 99,900 రూపాయలు. విద్యార్థులకైతే 89,900. బరువు కిలో 240 గ్రాములు. డెల్, హెచ్‌పీ, లెనోవో, ఎల్‌జీ కంపెనీల్లోనూ ఇలాంటి సన్నని రకాలున్నాయి, వాటిలో లక్ష దాటేవి చాలా. ఇక మన వైపు లెక్క. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం డైట్ ఛార్జీలు 40 శాతం పెంచినప్పుడు ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే హాస్టల్ విద్యార్థికి నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. 99,900ను 2,100తో భాగించి చూడండి, 47 నెలలు దాటుతుంది. సెలవులు పోను ఏడాదికి పది నెలలు హాస్టల్‌లో తింటామనుకుంటే బీటెక్ నాలుగేళ్లకు 40 నెలలు. అంటే ఒక పిల్లవాడు నాలుగేళ్లు తినే అన్నం, పప్పు, గుడ్డు, పొద్దుటి ఉప్మా అన్నీ కలిపినా ఆ పలక ధరకు చేరవు. ఈ లెక్క చెప్పి ఎవరినీ సిగ్గుపడమనడం లేదు. అన్నంతో పోల్చి చూస్తే ఏ వస్తువైనా దుబారాగానే కనిపిస్తుంది. నేను మొదటిసారి బూట్లు కొనుక్కున్నప్పుడు మా అమ్మ కూడా ఇలాంటి లెక్కే చెప్పింది, అయినా ఆ బూట్లు నేను వేసుకున్నాను. ఎంత డబ్బు గురించి మాట్లాడుకుంటున్నామో తెలియాలని మాత్రమే ఇది.

సన్నగా ఉంటే ధర ఎందుకు పెరగాలి అన్నది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. సరుకు తక్కువ, ధర ఎక్కువ! దీనికి కొంచెం వెనక్కి పోవాలి. 2008 జనవరి 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ వేదిక మీదికి వచ్చి, ఆఫీసుల్లో కాగితాలు పంపుకునే కవరులోంచి ఒక ల్యాప్‌టాప్ బయటికి తీశాడు. అదే మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్. ఆ వీడియో చూసినవాళ్లకు అందులో జనం ఎంత సంబరపడ్డారో గుర్తుంటుంది. ధర 1,799 డాలర్లు, అప్పటి మారకంలో 70 వేలకు పైనే. ఆ సన్నదనం కోసం ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ ప్యాకేజీని 60 శాతం చిన్నది చేసి ఇవ్వాల్సి వచ్చింది. ఒంటిని అల్యూమినియం దిమ్మెలోంచి చెక్కారు. ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులే, కాదనను. కానీ ఇంకొక వైపు చూడండి. అందులో సీడీ డ్రైవు లేదు. యూఎస్‌బీ పోర్టు ఒక్కటే. హార్డ్ డిస్కు ఐపాడ్‌లో వాడే సైజుది, 80 జీబీ, మెల్లగా తిరిగేది. ర్యామ్‌ను తీసి మార్చడానికి వీల్లేకుండా బోర్డుకే అతికించేశారు. బ్యాటరీని లోపల పెట్టి మూసేశారు. మామూలు ల్యాప్‌టాప్‌లో ర్యామ్‌కు ఒక సాకెట్ ఉంటుంది, డిస్కుకు ఒక అర ఉంటుంది, బ్యాటరీకి ఒక గొళ్లెం ఉంటుంది. ఒక్కొక్క సాకెట్‌కూ ఒక్కొక్క గొళ్లానికీ కొన్ని మిల్లీమీటర్ల మందం కావాలి. ఆ మందం వద్దనుకుంటే సాకెట్ పోవాలి, గొళ్లెం పోవాలి. అదే జరిగింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా సన్నని ల్యాప్‌టాప్‌లు చాలావరకు అదే బాటలో నడుస్తున్నాయి.

తేలికగా ఉండటం ఒక్కటే అయితే దానికి అంత డబ్బు అక్కర్లేదు. 2007 చివర్లో అసుస్ కంపెనీ ఈఈఈ పీసీ అని చిన్నది ఒకటి తెచ్చింది. 7 అంగుళాల తెర, 4 జీబీ స్టోరేజీ, బరువు 920 గ్రాములు, ధర సుమారు 400 డాలర్లు. బరువులో అది మ్యాక్‌బుక్ ఎయిర్ కంటే తక్కువ. కానీ దాని మీద రెండు కిటికీలు తెరిస్తే మూడోది తెరుచుకోవడానికి ఆలోచించేది. తేలికతో పాటు వేగం, పెద్ద తెర, ఎక్కువసేపు నిలిచే బ్యాటరీ, ఈ నాలుగూ ఒక్క దాంట్లోనే కావాలంటేనే ధర పైకి పోతుంది. మళ్లీ ఆ ధర కూడా కలకాలం అక్కడే ఉండదు. 2010లో ఎయిర్ చిన్న రకం 999 డాలర్లకు వచ్చింది. 2011లో ఇంటెల్ "అల్ట్రాబుక్" అని పేరు పెట్టి, మిగతా కంపెనీలు కూడా అలాంటివి వెయ్యి డాలర్లలోపు చేయాలని 30 కోట్ల డాలర్ల నిధి పెట్టింది. ముందు కొన్నవాళ్లు ఎక్కువ ఇస్తారు, వెనక వచ్చేవాళ్లకు అది దిగి వస్తుంది.

ఇక్కడ నేను న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. బరువు తక్కువ, బ్యాటరీ ఎక్కువ అన్న రెండు సుఖాలూ నిజమైన సుఖాలే, పైగా అవి ఎవరికంటే ఎవరికి ఎక్కువ అవసరం? కారులో వెనక సీట్లో బ్యాగు పడేసి ఆఫీసుకు పోయే ఆయనకా? కాదు. ఆర్టీసీ బస్సులో ఒంటి కాలి మీద నిలబడి, వీపున బ్యాగు, చేతిలో డ్రాయింగ్ చార్టు పట్టుకొని పోయేవానికి అవసరం. ఆఫీసులో ప్రతి బల్ల కింద ప్లగ్గు ఉంటుంది. మన హాల్‌లో నలభై మందికి రెండు ప్లగ్ పాయింట్లు, అందులో ఒకటి ఎప్పుడూ వదులే. అలాంటి చోట 18 గంటలు వస్తుందని కంపెనీ చెప్పే బ్యాటరీ, అందులో 10 గంటలు వచ్చినా సరే, వరమే. సీనియర్ అన్న ఆ రోజు ఇదే అన్నారు. "బరువు మోసేటోనికే కదరా తేలికది ఇవ్వాలె" అని. దానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇంటికి పోయాక ఆలోచిస్తే దొరికింది, కాని అది నా సొంత బాధలోంచి వచ్చిన జవాబు, కాబట్టి ఆ బాధ కూడా చెప్పాలి.

2016లో ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు నేనూ ఒక సన్నని ల్యాప్‌టాప్ కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు. 72 వేలు, 18 నెలల కిస్తీలు. అమీర్‌పేట రూములో నలుగురం ఉండేవాళ్లం. ఎనిమిదో నెలలో ఒక రాత్రి, వానాకాలం, టీ గ్లాసు ఒలికింది. ఎవరి చెయ్యి తగిలిందో ఈ రోజుకీ తెలియదు, తెలిసినా ఇప్పుడేం చేస్తాం. గ్లాసులో సగం టీ కీబోర్డు మీద. వెంటనే ఆపేసి బోర్లా పెట్టి బియ్యం డబ్బా పక్కన రెండు రోజులు ఆరబెట్టాను (బియ్యం వల్ల ఏమీ కాదని తర్వాత తెలిసింది). సర్వీస్ సెంటర్‌కు పోతే అక్కడి అబ్బాయి పాపం మంచిగానే చెప్పాడు: "అన్నా, దీంట్ల ఏదీ విడిగా రాదు. మదర్‌బోర్డు మొత్తం మార్చాలె. 46 వేలు." డిస్కు తీసి నా ఫైళ్లన్నా ఇవ్వమన్నాను. డిస్కు కూడా బోర్డుకే అతికించి ఉందట. ఒలికిన నీళ్లకు వారంటీ వర్తించదు. ఇంకా పది కిస్తీలు మిగిలి ఉన్నాయి. పది నెలల పాటు ప్రతి ఐదో తారీఖున, ట్రంకు పెట్టెలో చచ్చి పడున్న వస్తువుకు నేను డబ్బు కట్టాను. ఆ పది నెలలు ఇంటికి పంపేదాంట్లో కోత పడింది. ఎందుకు తక్కువ పంపావని నాన్న ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ రోజు నుంచి ఏ వస్తువునైనా కొన్న రోజు ఎట్లా ఉంటుందని చూడటం మానేశాను. చెడిపోయిన రోజు ఎట్లా ఉంటుందని చూస్తాను. రెండో లక్ష ఉన్నవానికి ఈ చూపు అక్కర్లేదు. పోతే ఇంకొకటి కొంటాడు, లేదా కంపెనీ ఇస్తుంది. రెండో లక్ష లేనివానికి మాత్రం ల్యాప్‌టాప్ విలువ అంతా అక్కడే ఉంది. ఒక భాగం పోతే ఆ భాగం ఒక్కటే పోతుందా, మొత్తం పోతుందా? సన్నని వాటిలో చాలావాటికి జవాబు "మొత్తం పోతుంది" అనే. బస్సులో నిలబడేవానికే తేలికది కావాలి, నిజమే. కానీ బస్సులో నిలబడేవాని చేతిలోనే అది కింద పడే అవకాశం, నలుగురున్న రూములో టీ ఒలికే అవకాశం, కారే కప్పు కింద తడిసే అవకాశం ఎక్కువ. అన్నా, నీ మాటకు నా జవాబు ఇదీ.

ఇది నా ఒక్కని దురదృష్టం అనుకుంటారేమో. 2015లో యాపిల్ 920 గ్రాముల మ్యాక్‌బుక్ తెచ్చినప్పుడు మందం తగ్గించడానికి కీబోర్డును కూడా కొత్తగా చేసింది, బటర్‌ఫ్లై కీబోర్డు అని. మీట అసలు కిందికి దిగినట్టే ఉండదు. మీట కింద దుమ్ము రేణువు దూరితే అది పనిచేయడం మానేసేది, లేదా ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడేవి. కీబోర్డును విడిగా మార్చే వీలు లేదు, బ్యాటరీతో సహా పై భాగమంతా మార్చాలి. గొడవ పెద్దదై 2018లో కంపెనీ ఉచితంగా బాగుచేసే కార్యక్రమం పెట్టింది. 2020 నాటికి ఆ కీబోర్డునే వదిలేసింది. అమెరికాలో కోర్టు కేసు వేస్తే 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అమెరికా దుమ్ముకే అట్లా అయితే, ఎండాకాలం మధ్యాహ్నం మన హాస్టల్ గ్రౌండు నుంచి లేచే దుమ్ముకు ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ర్యామ్ సంగతి కూడా అంతే. అతికించి ఉన్న ర్యామ్‌ను కొన్న రోజే నిర్ణయించుకోవాలి. 2020లో వచ్చిన ఎం1 ఎయిర్ 92,900కు 8 జీబీతో మొదలైంది. 16 జీబీ కావాలంటే ఇంకో 20 వేలు. కొన్న తర్వాత ఎంత డబ్బు పెట్టినా పెరగదు. అదే కాలంలో, 2021లో, నేను నా పాత ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ముక్క ఒకటి మూడు వేల లోపే కొని నేనే వేసుకున్నాను. రెండు స్క్రూలు, పది నిమిషాలు.

అయితే ఎం1 ఎయిర్‌కు రావలసిన పేరు దానికి ఇవ్వాలి. ఫ్యాను లేదు, చప్పుడు లేదు, వేడి తక్కువ. మా ఆఫీసులో 2020లో కొన్నవాళ్లు ఐదేళ్లు దాటినా దాంతోనే పని చేసుకుంటున్నారు. అమ్మితే మంచి ధర కూడా వస్తుంది. లక్షను ఆరేళ్లకు, అంటే 72 నెలలకు పంచితే నెలకు 1,400 కూడా కాదు. ఇదే లెక్క చూపించి కొనమనేవాళ్లున్నారు. వాళ్లది తప్పుడు లెక్క కాదు. ఆరేళ్లూ ఏమీ కాకపోతే అన్న షరతు మాత్రం ఆ లెక్కలో కనిపించదు.

ఇక అన్నిటికంటే బరువైన మాట ఒకటి ఆ రోజు వచ్చింది. దాన్ని దాటేసి పోతే నేను రాసిందంతా వృథా. మా తర్వాతి బ్యాచ్ చెల్లె ఒకామె, ఇప్పుడు టీచరు, ఇలా అంది: "ఎప్పుడూ మనకు పాతవే, మిగిలినవే, చవకవే ఎందుకన్నా? ఎవరో వదిలేసిన పుస్తకాలు, ఎవరో ఇచ్చిన దుప్పట్లు. ఒక్కసారి మన పిల్లగాడు క్లాసులో కొత్తది, ఖరీదైంది, అందరికంటే మంచిది తీసి బల్ల మీద పెడితే తప్పేంది? బాబాసాహెబ్ సూటు వేసుకోలేదా?" అందరూ నిశ్శబ్దమైపోయారు. నేనైతే తల దించుకున్నాను. ఎందుకంటే ఆ దుప్పట్ల కింద పడుకున్నవాణ్ణే నేనూ. ఇంజనీరింగ్ మొదటి ఏడాది ల్యాబ్‌లో పక్కవాడు తన కొత్త ల్యాప్‌టాప్ తెరుస్తుంటే నా నోట్‌బుక్ మీద మోచెయ్యి అడ్డం పెట్టుకున్నవాణ్ణి. ఆ మోచేతి బరువు ఎన్ని గ్రాములో ఏ కంపెనీ చెప్పలేదు.

చెల్లె మాటలో సగం నూటికి నూరు పాళ్లు నిజం. మనకు మంచివే కావాలి. మిగతా సగం దగ్గర నాకు పేచీ. బాబాసాహెబ్ మంచి సూటు వేసుకున్నారు, మంచి పెన్నులు వాడారు. అప్పుల్లో ఉన్నప్పుడు కూడా పుస్తకాలు కొనడం ఆపలేదు. బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టినప్పుడు ఆ ఇంట్లో పెద్ద చోటు పుస్తకాలకే ఇచ్చారు. ఆ పుస్తకాలు ఎవరైనా విప్పి చదవగలిగేవి, చిరిగితే బైండింగు చేయించుకోగలిగేవి. నేను చెప్పేది చవక వస్తువు కొనమని కాదు. మన చేతికి వచ్చాక మన మాట వినే వస్తువు కొనమని. లోపలికి చూడటానికి వీల్లేనిది, చెడితే ఇంకొకని దగ్గర చేతులు కట్టుకొని నిలబడాల్సినది, ఎంత ఖరీదైనా దాంతో మన హోదా పెరిగినట్టు నాకు అనిపించదు. సర్వీస్ సెంటర్ కౌంటరు ముందు నిలబడి "ఏమన్నా తగ్గిస్తారా సార్" అని అడిగిన రోజు నేను పడ్డ చిన్నతనం, ల్యాబ్‌లో మోచెయ్యి అడ్డం పెట్టుకున్న రోజు కంటే తక్కువేం కాదు.

మరి ఏది కొనాలి? నా మాట: పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చి, మూడు నాలుగేళ్లకు వెనక్కి తీసుకొని అమ్మేసే బిజినెస్ రకం ల్యాప్‌టాప్‌లు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్, చుట్టుపక్కల షాపుల్లో ఇవి దొరుకుతాయి. థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివి. ఇవి చవక సరుకు కాదు సుమా. కొత్తగా ఉన్నప్పుడు ఇవీ లక్ష దగ్గర ఆడినవే. ఉదాహరణకు 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480 తీసుకోండి. దాదాపు 1.6 కిలోలు. ర్యామ్‌కు రెండు సాకెట్లు. డిస్కు మార్చుకోవచ్చు, కీబోర్డు మార్చుకోవచ్చు, ఒలికిన నీళ్లు కిందికి కారిపోవడానికి దారి ఉంది. చాలావాటికి రెండు బ్యాటరీలు, ఒకటి లోపల, ఒకటి వెనక. వెనకది అయిపోతే ల్యాప్‌టాప్ ఆపకుండానే తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. కరెంటు పోయే చోట దీనికి మించిన సౌకర్యం ఏముంది? పెద్ద బ్యాటరీ పెడితే రెండు కిలోల దగ్గరికి పోతుంది, అది నిజం. చిన్నదైతే మ్యాక్‌బుక్ ఎయిర్‌కూ దీనికీ తేడా అర లీటరు నీళ్ల సీసా బరువు కూడా కాదు. నేను ఈ మధ్య అడిగినప్పుడు మంచి స్థితిలో ఉన్నది 20 వేల నుంచి 25 వేల మధ్య చెప్పారు.

పాతది కొనేటప్పుడు మోసం జరగదని నేను హామీ ఇవ్వను. తెలిసినవాళ్లను వెంట తీసుకుపోండి. ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్ ఉన్నది తీసుకోకండి, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, అంతకంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. లినక్స్ వేసుకుంటానంటే అది వేరే సంగతి. షాపులోనే బయోస్‌లోకి పోయి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి. పాత కంపెనీ పెట్టిన తాళం అలాగే ఉంటే తర్వాత తలనొప్పి. బ్యాటరీ మొదట్లో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అన్నది విండోస్‌లో ఒక్క కమాండుతో రిపోర్టు వస్తుంది, అది షాపువానితోనే తీయించండి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించుకొని బేరం చేయండి. ప్రతి మీటా నొక్కి చూడండి, సిగ్గుపడకండి.

బ్రాంచిని బట్టి కూడా ఆలోచించాలి. సీఎస్‌ఈ వాళ్లకు ఏదైనా నడుస్తుంది. పెద్ద లెక్కలు కావాల్సి వస్తే గూగుల్ కొల్యాబ్‌లో బ్రౌజర్‌లోనే ఉచితంగా జీపీయూ దొరుకుతుంది. కాని సివిల్, మెకానికల్ పిల్లలు సంబరపడి మ్యాక్ కొంటే ఇరుక్కుంటారు. రెవిట్, సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే నడుస్తాయి. ఈసీఈ వాళ్లు వాడే జైలింక్స్ వివాడో విండోస్‌కూ లినక్స్‌కూ ఉంది, మ్యాక్‌కు లేదు. కొత్త ఎం సిరీస్ మ్యాక్‌లలో మునుపటిలాగా పక్కన విండోస్ నేరుగా వేసుకునే వీలు తీసేశారు. మన తమ్మునికి వచ్చిన సీటు మెకానికల్‌లో అన్న సంగతి ఆ రోజు చప్పట్లలో ఎవరికీ గుర్తు రాలేదు.

హాస్టల్‌లో ఖరీదైన వస్తువుకు ఇంకొక గుణం ఉంది. అది యజమానిని కాపలాదారును చేస్తుంది. మా రోజుల్లో ఒకని దగ్గర మంచి వాక్‌మన్ ఉండేది. వాడు స్నానానికి పోతే ట్రంకు పెట్టెకు తాళం, అన్నానికి పోతే తాళం, నిద్రపోతే తాళం చెవి మొలతాడుకు. పాట వినడం కంటే తాళం వేయడమే ఎక్కువ చేశాడు. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ ఉన్న తమ్ముడు పక్క మంచం వానికి ఒక గంట ఇస్తాడా? ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. 22 వేల ల్యాప్‌టాప్ అయితే స్టడీ అవర్‌లో నలుగురు చుట్టూ కూర్చుంటారు. నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది అట్లా ఇంకొకరి భుజం మీదుగా చూసే.

సన్నవి ఎవరూ కొనొద్దని కాదు. వారానికి మూడు ఊళ్లు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్లు, నడుము నొప్పి ఉన్నవాళ్లు, కంపెనీ డబ్బుతో కొనేవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. సన్నగా ఉంటూనే బాగుచేసుకోగలిగేవి చేయలేరా అంటే, చేయగలరు. అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ 2021లో 1.3 కిలోల ల్యాప్‌టాప్ తెచ్చింది, దాంతో వచ్చే ఒక్క స్క్రూడ్రైవర్‌తో ప్రతి భాగం విప్పి మార్చుకోవచ్చు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి పరికరాల బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. ఆ గాలి ఇక్కడికి వచ్చి, ధర కూడా దిగితే ఈ వ్యాసం చించేసి నేనే ముందు చందా ఇస్తాను.

ఇప్పుడు నా ప్రతిపాదన. లక్ష రూపాయలు పోగు చేద్దాం, అందులో తేడా లేదు. 25 వేల లోపు ఒకటి ఆ తమ్మునికి ఇద్దాం, కొత్త బ్యాటరీ వేయించి, ర్యామ్ పెంచి, మంచి బ్యాగుతో సహా. అది అతనిదే, అతని పేరు మీదే. అలాంటివే ఇంకో మూడు హాస్టల్ స్టడీ రూములో పెడదాం. తాళం వార్డెన్ గారి దగ్గర కాకుండా సీనియర్ విద్యార్థి ఒకరి దగ్గర ఉండాలి, లేకపోతే అవి బీరువాలోనే ముసలివవుతాయి. రిపేరుకు నేనూ, సీటీసీలో పనిచేసే మా బ్యాచ్ అతనూ రెండు నెలలకొకసారి వస్తాం.

ఇదంతా రాసే ముందు ఆ తమ్మునికి ఫోను చేసి అడిగాను, ఏది కావాలి నీకు అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నిజం చెప్పాల్నా అన్నా? నాకైతే ఆ సన్నదే కావాలని ఉంది" అన్నాడు. వాణ్ణి ఏమీ అనలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు నన్ను అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి. "టీ480 అంటే ఎట్లుంటదన్నా, విప్పి చూపిస్తవా?" అని మళ్లీ వాడే అడిగాడు. వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టడీ రూములో ఉంటాను. నా ల్యాప్‌టాప్, ఒక ప్లస్ స్క్రూడ్రైవర్ తెస్తున్నాను. సీనియర్ అన్న, టీచరు చెల్లె కూడా తప్పకుండా రావాలి.